కొత్త నిబంధనలో సర్వజన రక్షణ: ‘నిత్య’, ‘శిక్ష’, ‘నరక’ పదాల అనువాద విమర్శ

వ్యాససంగ్రహం:
మనుషులందరూ చివరకు రక్షణ పొందుతారని క్రైస్తవ లేఖనం బోధిస్తోందా అనే ప్రశ్న క్రీస్తుశకం 3వ శతాబ్దం నుంచి నేటి వరకు చర్చలో ఉంది. ఈ ప్రశ్నకు తెలుగు పాఠకుడు చెప్పుకొనే జవాబు చాలావరకు తెలుగు బైబిలు ఎంచుకొన్న మూడు పదాలపై ఆధారపడి ఉంటుంది. అవి ‘నిత్య’, ‘శిక్ష’, ‘నరకము’. ఈ పదాల వెనుక ఉన్న గ్రీకు మూలాలను, తెలుగులో వాటికి ముందే ఉన్న అర్థాలను పరిశీలించి, సర్వజన రక్షణను సమర్థించే వాక్యాలను, నిరాకరించే వాక్యాలను పక్కపక్కన ఉంచి విమర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం. లేఖనం దీన్ని సిద్ధాంతంగా స్థాపించడం లేదని, అయితే ఆశించడానికి బలమైన ఆధారం ఇస్తోందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కొత్త నిబంధన, సర్వజన రక్షణ, నిత్యశిక్ష, గెహెన్నా, అనువాద విమర్శ, ఓరిగెన్, అగస్టీన్.

1. ఉపోద్ఘాతం

పురాణ వాఙ్మయంలోని నరకవర్ణనలను తరగతిలో బోధిస్తున్నప్పుడు ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. “పురాణంలో పాపఫలం తీరాక జీవుడు నరకం నుంచి బయటికి వస్తాడు. మా చర్చిలో నరకానికి వెళ్లినవాళ్లు ఎన్నటికీ రారంటారు. రెండింటికీ ఒకే మాట ఎలా వచ్చింది సార్?” అని ఆ విద్యార్థి అడిగాడు. తరగతి ముగిశాక, బాప్తిస్మం తీసుకోకుండానే చనిపోయిన తన నాయనమ్మ గురించి చెప్పాడు. ప్రశ్న నిఘంటువుకు సంబంధించినదే అయినా దాని వెనుక ఒక మనిషి ఉంది.

తొలితరం, రెండోతరం క్రైస్తవ కుటుంబాలలో ఇది అరుదైన బాధ కాదు. తాతముత్తాతలు వేరే విశ్వాసంలో జీవించి, అందులోనే కన్నుమూసి ఉంటారు. వారి గతి ఏమిటన్న ప్రశ్నకు ప్రసంగవేదిక మీద నుంచి వచ్చే జవాబు తరచుగా ఒక్క వాక్యంలో ముగుస్తుంది. ఆ ఒక్క వాక్యం మూలపాఠంలో అంత నిస్సందేహంగా ఉందా అని చూడటం సాహిత్య విమర్శకుడి పరిధిలోనిదే. ఎందుకంటే ఇక్కడ వివాదం ప్రధానంగా పదాల మీద, వాక్యాల సందర్భం మీద, వాటి వక్త–శ్రోతల మీద నడుస్తోంది.

ఈ వ్యాసంలో తెలుగు క్రైస్తవ సమాజంలో విస్తృతంగా వాడుకలో ఉన్న గ్రాంథిక బైబిలు అనువాదాన్ని పరిశీలనకు తీసుకొన్నాను. నా పరిశీలన పాఠానికే పరిమితం. ఏ ఒక్క సంఘం విశ్వాసాన్నీ సమర్థించడం గానీ ఖండించడం గానీ దీని లక్ష్యం కాదు.

2. చర్చ చరిత్ర

అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిగెన్ (సుమారు 185–253) సృష్టి చివర దాని ఆరంభ స్థితికి తిరిగి చేరుతుందని భావించాడు. దీనికి గ్రీకులో ‘అపొకతాస్తాసిస్’ అని పేరు. అపొస్తలుల కార్యములు 3:21లో కనిపించే ఈ పదాన్ని తెలుగు బైబిలు ‘కుదురుబాటు’ అని అనువదించింది. చెదిరినది మళ్లీ కుదురుకోవడమనే అర్థాన్ని పట్టుకొన్న చక్కని తెలుగు మాట ఇది. 4వ శతాబ్దంలో నిస్సా పట్టణపు గ్రెగరీ, తన సోదరి మక్రీనాతో జరిగిన సంభాషణ రూపంలో రాసిన గ్రంథంలో, దేవుని అగ్ని బంగారాన్ని పుటం పెట్టే అగ్ని వంటిదని వాదించాడు. గ్రెగరీని సంఘం పరిశుద్ధుడిగానే గౌరవించింది.

దీనికి ప్రబలమైన ప్రతివాదం లాటిన్ ప్రపంచంలోని అగస్టీన్ (354–430) నుంచి వచ్చింది. ‘దేవుని నగరం’ 21వ భాగంలో ఆయన నిత్యదండనను సుదీర్ఘంగా సమర్థించాడు. 543లో చక్రవర్తి జస్టీనియన్ ఓరిగెన్ భావాలను ఖండించాడు. 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభతో ముడిపడిన ఖండనలు కూడా ఉన్నాయి. అయితే ఆ ఖండనలలో ఆత్మల పూర్వాస్తిత్వం వంటి ఇతర అంశాలు కలిసి ఉండటం వల్ల, అవి సర్వజన రక్షణ భావనను ఏ మేరకు తోసిపుచ్చాయన్నది పండితుల మధ్య వివాదంగానే ఉంది.

ఆధునిక కాలంలో హాన్స్ ఉర్స్ ఫాన్ బాల్తజార్, అందరి రక్షణను ప్రకటించలేకపోయినా దాన్ని ఆశించడం క్రైస్తవుడి బాధ్యత అన్నాడు. డేవిడ్ బెంట్లీ హార్ట్ 2019లో వెలువరించిన గ్రంథంలో అంతకన్నా ముందుకు వెళ్లి, అందరూ రక్షింపబడకపోతే క్రైస్తవమే పొసగదని వాదించాడు. కాబట్టి ఇది కొత్తగా పుట్టిన ఉదారవాదమూ కాదు, పూర్తిగా ముగిసిపోయిన వివాదమూ కాదు.

3. మూడు తెలుగు పదాలు

3.1. ‘నిత్య’

మత్తయి 25:46లో దుష్టులకు ‘నిత్యశిక్ష’, నీతిమంతులకు ‘నిత్యజీవము’ అని రెండు గమ్యాలు కనిపిస్తాయి. రెండుచోట్లా గ్రీకు విశేషణం ‘ఐయోనియోస్’. ఇది ‘యుగం’ అనే అర్థం గల ‘ఐయోన్’ నుంచి వచ్చింది. ఆ యుగానికి చెందినది, రాబోయే యుగానికి సంబంధించినది, సుదీర్ఘమైనది, అంతం లేనిది అని సందర్భాన్ని బట్టి దీనికి అర్థాలున్నాయి.

అనువాదకులకు ఈ సంగతి తెలుసు. రోమా పత్రిక చివరి స్తుతివాక్యం (16:25–26) దీనికి మంచి సాక్ష్యం. ఒకే వాక్యంలో ఈ విశేషణం రెండుసార్లు వస్తుంది. మొదటిసారి రహస్యం దాగి ఉన్న కాలాలకు, రెండోసారి దేవునికి. తెలుగు అనువాదం మొదటిదాన్ని ‘అనాది’ అని, రెండోదాన్ని ‘నిత్య’ అని మార్చింది. ఆ మార్పు సరైనదే. రహస్యం దాగి ఉన్న కాలం ముగిసిందని ఆ వాక్యమే చెబుతోంది కనుక అక్కడ అంతం లేనిదన్న అర్థం పొసగదు. తిమోతికి రాసిన రెండో పత్రిక 1:9లో, తీతు పత్రిక 1:2లో కూడా ఇదే పద్ధతి పాటించారు. అంటే ఈ పదం కాలపరిమాణాన్ని తనంతట తాను నిర్ణయించదని, అది విశేషించే నామాన్ని బట్టి అర్థం మారుతుందని తెలుగు అనువాదమే ఒప్పుకొంది.

దీనికి ఎదురుగా మరొక సంగతి ఉంది. అంతం లేనిదని చెప్పడానికి గ్రీకు తత్త్వశాస్త్రంలో స్థిరపడిన మాట ‘అయిదియోస్’. కొత్త నిబంధనలో అది రెండుచోట్ల మాత్రమే వస్తుంది. ఒకటి రోమా 1:20లో దేవుని శక్తికి, రెండోది యూదా పత్రిక 6లో పతనమైన దూతల సంకెళ్లకు. మనుషులు పొందే దండనకు ఆ మాట ఎక్కడా వాడలేదు. తెలుగులో ఈ రెండు చోట్లా ‘నిత్య’ అనే ఉంది. మూలంలో ఒకే పదమైనది తెలుగులో రెండుగా విడిపోయింది. మూలంలో రెండు పదాలైనవి తెలుగులో ఒకటిగా కలిసిపోయాయి. తెలుగు పాఠం ఒక్కటే చదివే పాఠకుడికి ఈ రెండు మార్పులూ కనిపించవు.

తెలుగులోనూ ‘నిత్య’ ఏకార్థకం కాదు. నిత్యపూజ, నిత్యాన్నదానం అన్నప్పుడు అది ప్రతిదినం జరిగేది. వ్యాకరణంలో నిత్యసంధి అన్నప్పుడు అది తప్పక జరిగేది. నిత్యానిత్య వివేకమన్నప్పుడు మాత్రమే అది నాశరహితమైనది. ఆ దార్శనిక అర్థంలో నిత్యమైనదానికి ఆది కూడా ఉండకూడదు. తీర్పు తరవాత మొదలయ్యే శిక్షను గానీ జీవాన్ని గానీ ఆ కచ్చితమైన అర్థంలో నిత్యమనడం కుదరదు. కాబట్టి బైబిలు తెలుగులోని ‘నిత్య’ మన శాస్త్రపరిభాషలోని ‘నిత్య’ కాదని పాఠకుడు గుర్తించాలి.

ఇక్కడ అగస్టీన్ లేవనెత్తిన అభ్యంతరం బలమైనది. ఒకే వాక్యంలో ఒకే విశేషణం జీవానికీ శిక్షకూ వాడినప్పుడు, ఒకటి అంతం లేనిదని, మరొకటి అంతమున్నదని ఎలా చెప్పగలమని ఆయన అడిగాడు. దీనికి పాఠంలోనే ఒక జవాబు ఉంది. హబక్కూకు 3:6లో ‘ఓలామ్’ అనే హీబ్రూ మాట కొండలకూ దేవుని మార్గాలకూ వర్తిస్తుంది. ఆ వాక్యంలోనే కొండలు కుంగిపోతాయి, దేవుని మార్గాలు నిలుస్తాయి. అంటే సమాన విశేషణం సమాన వ్యవధికి రుజువు కాదు. అయితే ఈ జవాబు కొంతవరకే పనిచేస్తుంది. హబక్కూకులో కొండలు కుంగాయని వాక్యమే చెబుతోంది. మత్తయిలో శిక్ష ముగిసిందని వాక్యం ఎక్కడా చెప్పదు. కనుక ‘నిత్యశిక్ష’ అంతం లేనిదని పదం నిరూపించదు, అంతమున్నదని కూడా నిరూపించదు.

3.2. ‘శిక్ష’

మత్తయి 25:46లో శిక్షకు మూలపదం ‘కొలాసిస్’. దండన పొందేవాడి బాగుకోసం చేసేది కొలాసిస్ అని, దండించేవాడి తృప్తికోసం చేసేది ‘తిమోరియా’ అని అరిస్టాటిల్ తన అలంకారశాస్త్ర గ్రంథంలో భేదం చెప్పాడు. సర్వజన రక్షణవాదులు ఈ భేదాన్ని ఆధారం చేసుకొని, మత్తయిలోని శిక్ష దిద్దుబాటు కోసమేనని వాదిస్తారు.

తెలుగు పాఠకుడికి ఈ వాదం వెంటనే ఆకర్షణీయంగా తోస్తుంది. ఎందుకంటే మన ‘శిక్ష’ చరిత్ర కూడా అటువంటిదే. సంస్కృతంలో అది నేర్చుకోవడం, నేర్పడం. వేదాంగాలలో మొదటిది శిక్ష. తెలుగులో శిక్షణ నేర్పుగా మిగిలింది, శిక్ష దండనగా స్థిరపడింది. పైగా హెబ్రీ పత్రిక 12వ అధ్యాయంలో తండ్రి కొడుకును దిద్దే సందర్భంలోనూ తెలుగు బైబిలు ‘శిక్ష’ అనే మాటనే వాడింది. అక్కడి మూలపదం పిల్లల పెంపకానికి, విద్యకు చెందిన ‘పైదేయా’. ఫలితంగా తెలుగు బైబిలులో తండ్రి దిద్దుబాటుకూ అంతిమ దండనకూ ఒకే మాట వచ్చింది.

అయినా ఈ సామ్యాన్ని రుజువుగా తీసుకోవడం పొరపాటు. వ్యుత్పత్తి అర్థం వేరు, వాడుక అర్థం వేరు. న్యాయస్థానం ‘యావజ్జీవ శిక్ష’ అన్నప్పుడు ఎవరూ అక్షరాభ్యాసాన్ని తలచుకోరు. అలాగే కొత్త నిబంధన కాలానికి కొలాసిస్ సామాన్యంగా దండన అనే అర్థంలోనే వాడుకలో ఉంది. పేతురు రెండో పత్రిక 2:9లో దాని క్రియారూపం తీర్పుదినం కోసం దుర్మార్గులను ఉంచడం గురించి వస్తుంది. అక్కడ దిద్దుబాటు సూచన స్పష్టంగా లేదు. ‘శిక్ష’లో శిక్షణ ఉందనే వాదం వినసొంపుగా ఉంటుంది గానీ నిర్ణాయకం కాదు.

3.3. ‘నరకము’

విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. ‘నరకము’ అని తెలుగులోకి వచ్చిన పదం ‘గెహెన్నా’. అది యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరు. పిల్లలను అగ్నికి బలి ఇచ్చిన స్థలమని రాజుల రెండో గ్రంథం 23:10, యిర్మీయా 7:31 చెబుతాయి. యేసు శ్రోతలకు అది చూపుడువేలితో చూపగలిగిన లోయ, పూర్వుల ఘోరపాపాన్ని, దానివల్ల జాతిమీదికి వచ్చిన వినాశాన్ని గుర్తుచేసే పేరు. ‘నరకము’ అనగానే ఆ లోయ మాయమై, యమలోకం, యమభటులు, పాపానికి తగిన యాతనలు తెలుగు పాఠకుడి మనసులోకి వస్తాయి.

అయితే పురాణాల నరకం ప్రధానంగా సావధికమైనది. కర్మఫలం తీరేవరకే అక్కడ ఉనికి, తరవాత మళ్లీ జన్మ. ద్వైత సంప్రదాయంలో మధ్వాచార్యులు తమోయోగ్యులైన జీవులకు అంధతమస్సు శాశ్వతమని చెప్పడం దీనికి ముఖ్యమైన మినహాయింపు. క్రైస్తవ ప్రచారంలో ఈ సావధికమైన నరకానికి ‘నిత్య’ అనే విశేషణం చేరింది. రూపం పురాణం నుంచి, వ్యవధి లాటిన్ వేదాంతం నుంచి వచ్చిన ఒక కొత్త భావన తెలుగులో స్థిరపడింది. గెహెన్నా ప్రస్తావన కొత్త నిబంధనలో 12 సార్లు మాత్రమే ఉంది. అందులో 11 మొదటి మూడు సువార్తలలో, ఒకటి యాకోబు పత్రికలో. అన్యజనులకు సువార్త ప్రకటించిన పౌలు తన పత్రికలలో ఆ మాట ఒక్కసారి కూడా వాడలేదు.

4. ‘అందరు’ అన్న వాక్యాలు

సర్వజన రక్షణవాదానికి ప్రధాన ఆధారాలు పౌలు పత్రికలలో ఉన్నాయి. రోమా 5:18లో ఒకరి అపరాధం అందరినీ శిక్షకు గురిచేసినట్టే, ఒకరి నీతికార్యం అందరికీ జీవమిచ్చే నీతికి దారితీసిందని ఆయన తర్కిస్తాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15:22లో ఆదాము, క్రీస్తుల మధ్య అదే పోలిక. రోమా 11:32లో దేవుడు అందరినీ అవిధేయతలో బంధించింది అందరినీ కరుణించడానికేనన్న ముగింపు. కొలొస్సయి 1:20లో భూమిమీద, పరలోకంలో ఉన్న సమస్తంతో సమాధానం.

ఈ వాక్యాల నిర్మాణం గమనించదగినది. రోమా 5లో రెండు భాగాలు తూకంగా ఉన్నాయి. మొదటి ‘అందరు’ నిజంగా అందరైతే, రెండో ‘అందరు’ కొందరు ఎలా అవుతారన్నది న్యాయమైన ప్రశ్న. అగస్టీన్ ‘అందరు’ అంటే అన్ని రకాల మనుషులని అర్థం చెప్పాడు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 2:4కు ఆ వ్యాఖ్య కొంత పొసగవచ్చు. దానికి ముందే రాజుల ప్రస్తావన ఉంది. కానీ రోమా 5లో అది పోలిక బలాన్నే దెబ్బతీస్తుంది. కృప పాపంకన్నా విస్తరించిందని చెప్పే అధ్యాయంలో, కృప చేరినవారు పాపం చేరినవారికన్నా తక్కువని చెప్పవలసి వస్తుంది.

ఎదుటిపక్షానికీ పాఠంలో ఆధారాలు లేకపోలేదు. రోమా 5:17 కృపను పొందేవారి గురించి మాట్లాడుతుంది. కొరింథు పత్రిక 15:23 క్రీస్తువారిని ప్రత్యేకించి చెబుతుంది. రోమా 9–11 అధ్యాయాల చర్చ యూదులు, అన్యజనులు అనే రెండు సమూహాల గురించినది. అక్కడి ‘అందరు’ ప్రతి వ్యక్తినీ లెక్కపెట్టే పదమని కచ్చితంగా చెప్పలేం. ఇదే పౌలు రోమా 2:5–8లో ఎవరి క్రియలను బట్టి వారికి ప్రతిఫలమని, ఫిలిప్పీ 3:19లో కొందరి అంతం నాశనమని రాశాడు.

ప్రకటన గ్రంథంలో ఈ ఉద్రిక్తత మరింత స్పష్టం. 20వ అధ్యాయంలో ‘అగ్నిగుండము’, ‘రెండవ మరణము’ కనిపిస్తాయి. 21వ అధ్యాయంలో కొత్త యెరూషలేము గుమ్మాలు ఎప్పుడూ మూయబడవు. 19వ అధ్యాయంలో యుద్ధానికి దిగిన భూరాజులు, ఇక్కడ తమ మహిమను ఆ పట్టణంలోకి తెస్తారు. 22:2లో జనములను స్వస్థపరిచే ఆకులు ఉంటాయి. అయినా 22:15లో బయట ఉన్నవారి జాబితా ఉంది. గుమ్మాలు తెరిచే ఉన్నాయి, బయట మనుషులు ఉన్నారు. వారు లోపలికి వస్తారని గ్రంథం చెప్పదు.

5. ఎవరు ఎవరితో అంటున్నారు?

పదాలను, వాక్యాలను తూచినంతమాత్రాన ఈ చర్చ తేలదని పై పరిశీలన సూచిస్తోంది. ఇక మిగిలిన మార్గం ఆ వాక్యాల ప్రయోజనాన్ని పరిశీలించడం. నరకం గురించిన వాక్యాలు ప్రధానంగా హెచ్చరికలు. వాటి శ్రోతలు ఎవరు? సువార్తలలో గెహెన్నా మాట వచ్చిన ప్రతిచోటా శ్రోతలు శిష్యులు లేదా శాస్త్రులు, పరిసయ్యులు. అన్యమతస్థులను ఉద్దేశించి ఆ హెచ్చరిక ఒక్కటీ లేదు. మత్తయి 25లోని తీర్పు దృశ్యం కూడా శిష్యులకు చెప్పినదే. అక్కడ తీర్పుకు కొలమానం ఆకలిగొన్నవాడికి అన్నం, దప్పిగొన్నవాడికి నీరు, దిక్కులేనివాడికి ఆశ్రయం. ఫలానా విశ్వాసాన్ని ఒప్పుకొన్నారా అన్న ప్రశ్న ఆ దృశ్యంలో రాదు. కుడివైపు వారు, ఎడమవైపు వారు ఇద్దరూ తమ తీర్పు విని ఆశ్చర్యపోతారు. బయటివారిని భయపెట్టడానికి తరచుగా వాడే ఈ ఘట్టం నిజానికి లోపలివారిని నిలదీసేది.

హెచ్చరిక భవిష్యవాణి ఒకటేనా? యోనా గ్రంథం కాదంటుంది. 40 రోజుల్లో నీనెవె నాశనమవుతుందని యోనా ఏ షరతూ లేకుండా ప్రకటించాడు. పట్టణం మారింది, నాశనం ఆగింది. హెచ్చరిక నెరవేరకపోవడమే దాని సాఫల్యం. ఆ కరుణకు కోపగించుకొన్నవాడు ప్రవక్త ఒక్కడే. యిర్మీయా 18:7–8 దీన్నే ఒక సూత్రంగా చెబుతుంది. కాబట్టి హెచ్చరికల నుంచి నరకంలో ఎందరుంటారన్న లెక్క తీయడం ఆ వాక్యాల ప్రయోజనాన్ని తప్పుగా గ్రహించడమే.

అయితే ఈ వాదాన్ని కూడా హద్దు దాటించకూడదు. నీనెవె మారింది గడువుకు ముందు. తీర్పు తరవాత మార్పుకు తావుందని మత్తయి 25 చెప్పదు. లూకా 16:26లో రెండు వైపుల మధ్య దాటలేని అగాధం ఉంది. చనిపోయినవారికి సువార్త ప్రకటింపబడిందన్న పేతురు మొదటి పత్రిక 4:6 ఆశకు చోటిస్తుంది గానీ దాని అర్థంపై ఏకాభిప్రాయం లేదు. అందరూ తప్పక రక్షింపబడతారని నిశ్చయంగా చెబితే, హెచ్చరికలోని గాంభీర్యం మిగలదు. పేదవాడికి అన్నం పెట్టకపోయినా చివరకు ఒకటేనన్న ధీమా మత్తయి 25 భరించలేనిది. అలాగని ఫలానావారు నశించారని నిశ్చయంగా చెబితే, రోమా 5, 11 అధ్యాయాల బలం మిగలదు. ఒకే లేఖనంలో ఈ రెండూ ఉన్నాయి. స్తుతివాక్యాలు, దేవుని కార్యాన్ని ప్రకటించే వాక్యాలు ‘అందరు’ అంటాయి. హెచ్చరికలు ‘నీవు’ అంటాయి. మొదటివాటి నుంచి నా నిర్లక్ష్యానికి హామీ తీసుకోకూడదు, రెండోవాటి నుంచి పొరుగువాడి గతిని తీర్మానించకూడదు.

లూకా 13:23లో ఒకడు యేసును సూటిగా ఇదే అడిగాడు. రక్షణ పొందేవారు కొద్దిమందేనా అని. యేసు సంఖ్య చెప్పలేదు. ఇరుకు ద్వారంలో ప్రవేశించడానికి మీరు పోరాడండి అన్నాడు. ప్రశ్న ప్రథమ పురుషలో ఉంది, జవాబు మధ్యమ పురుషలో ఉంది. ఈ పురుషభేదం వ్యాకరణ విషయం మాత్రమే కాదు. లేఖనం ఈ ప్రశ్నను ఎలా చదవమంటోందో అది సూచిస్తోంది.

6. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ‘ఐయోనియోస్’ను తెలుగు బైబిలు సందర్భాన్ని బట్టి ‘నిత్య’, ‘అనాది’ అని రెండు విధాలుగా అనువదించింది. ‘నిత్యశిక్ష’ అనే ఒక్క సమాసం ఆధారంగా అంతం లేని దండనను గానీ, అంతమున్న దండనను గానీ నిరూపించలేం.

2. ‘శిక్ష’లోని దిద్దుబాటు అర్థం, కొలాసిస్ పూర్వచరిత్ర ఆసక్తికరమైనవే అయినా, వ్యుత్పత్తి ఆధారంగా సిద్ధాంతాన్ని నిర్మించడం విమర్శకు నిలవదు.

3. ‘నరకము’ అనే అనువాదం గెహెన్నాకు ఉన్న స్థలాన్ని, చరిత్రను తొలగించి పురాణరూపాన్ని ఇచ్చింది. తెలుగు వ్యాఖ్యానకర్తలు ఈ వ్యత్యాసాన్ని పాఠకుడికి వివరించడం అవసరం.

4. పౌలు ‘అందరు’ అన్న వాక్యాలను ‘కొందరు’గా కుదించడం ఎంత కష్టమో, సువార్తల హెచ్చరికలను అలంకారాలుగా తేల్చివేయడం అంతే కష్టం.

5. లేఖనం సర్వజన రక్షణను సిద్ధాంతంగా బోధించడం లేదు. కానీ దాన్ని ఆశించడానికి, అందుకై ప్రార్థించడానికి తగిన ఆధారం ఇస్తోంది. ఫలానా వ్యక్తి నశించాడని తీర్పు చెప్పే అధికారాన్ని మాత్రం పాఠకుడికి ఎక్కడా ఇవ్వలేదు.

బాప్తిస్మం లేకుండా చనిపోయిన నాయనమ్మ ఎక్కడుందో ఈ వ్యాసం చెప్పలేదు. ఆమె నశించిందని చెప్పగల వాక్యం కూడా కొత్త నిబంధనలో లేదని మాత్రం చెప్పగలదు. ఆకలిగొన్నవాడికి ఆమె అన్నం పెట్టి ఉంటే, మత్తయి 25వ అధ్యాయాన్ని ఆమెకు వ్యతిరేకంగా చదవడానికి ముందు వేదిక మీద ఉన్నవారు ఒకసారి ఆగవలసి ఉంటుంది.